తీర్పుకు ముందు కళ: కారాగార కళా కార్యక్రమాలు – విచారణ ఖైదీ స్థానం

వ్యాససంగ్రహం

కారాగారాలలో నిర్వహించే నాటక, సంగీత, చిత్రలేఖన, రచనా కార్యక్రమాలను సమర్థించేటప్పుడు సాధారణంగా ‘సంస్కరణ’ను ప్రయోజనంగానూ, విడుదలైన వ్యక్తి తిరిగి నేరం చేయకపోవడాన్ని కొలమానంగానూ చూపుతారు. అయితే భారతీయ జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు నేరం ఇంకా రుజువుకాని విచారణ ఖైదీలు. నేరస్థుడని తేలని మనిషి విషయంలో సంస్కరణ అనే భావనే పొసగదు. కారాగార కళను సంస్కరణ సాధనంగా కాక, నిర్బంధంలోనూ మనిషికి మిగిలి ఉండే వ్యక్తీకరణ హక్కుగా చూసినప్పుడే విచారణ ఖైదీకి ఈ కార్యక్రమాలలో స్థానం దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు జైలు సాహిత్యం, అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైలు అనుభవం, కర్ణాటక, పశ్చిమ బెంగాల్ ప్రయోగాలు, భారత సర్వోన్నత న్యాయస్థానం తీర్పులు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: కారాగార కళలు, విచారణ ఖైదీ, జైలు సాహిత్యం, సంస్కరణ, వ్యక్తీకరణ హక్కు, నాటకం.

1. ఉపోద్ఘాతం

జైలులో నాటకం వేయించడం, బొమ్మలు గీయించడం, పాటలు నేర్పడం, కవిత్వం రాయించడం మన దేశంలో నేడు అపురూపమైన విషయాలు కావు. వీటి గురించి వెలువడే కథనాలలో తరచుగా ఒకే కథానిర్మాణం కనిపిస్తుంది. ఒక మనిషి నేరం చేశాడు, జైలుకు వచ్చాడు, అక్కడ కళ పరిచయమైంది, పశ్చాత్తాపపడి కొత్త మనిషిగా బయటికి వెళ్లాడు. ఈ కథ అబద్ధం కాదు. అలా మారినవారు ఉన్నారు. కాని ఈ కథ ఎవరి గురించి చెబుతున్నదో, ఎవరిని వదిలివేస్తున్నదో గమనించాలి.

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకటించిన కారాగార గణాంకాల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో శిక్షపడినవారు 1,33,415 మంది. విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే సుమారు 76 శాతం. పై కథలోని మొదటి వాక్యం, ‘ఒక మనిషి నేరం చేశాడు’ అన్నది, ఈ 76 శాతం మందికి చట్టరీత్యా వర్తించదు. వారిలో కొందరు తరువాత దోషులుగా తేలవచ్చు, మరికొందరు నిర్దోషులుగా విడుదల కావచ్చు. తీర్పు వెలువడే వరకు చట్టం వారిని నిర్దోషులుగానే భావిస్తుంది. అటువంటప్పుడు వారి చేత చేయించే కళాసాధనకు సంస్కరణను లక్ష్యంగా చెప్పడం తీర్పుకు ముందే తీర్పు చెప్పడంతో సమానం. మరి వారికి కళ ఎందుకు, ఏ ప్రాతిపదికపై, ఏ రూపంలో అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. తెలుగు సాహిత్యంలో జైలు: రచయిత, పాత్ర

కారాగారంలో కళ అధికారుల కార్యక్రమంతో పుట్టలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలులో కాగితం, కలం అందుబాటులో లేనప్పుడు బొగ్గుతో గోడలపై పద్యాలు రాసిన సంగతి తెలుగు పాఠకలోకానికి సుపరిచితం. ఆయన సహఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి జైలులో తాను చూసిన సాధారణ ఖైదీల జీవితాల ఆధారంగా ‘జైలు లోపల’ కథలు రాశారు. 1980ల చివర వరవరరావు విచారణలో ఉన్న ఖైదీగానే ‘సహచరులు’ వ్యాసాలు రాశారు.

ఈ రచనలను ఒకచోట చేర్చి చూస్తే రెండు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, వీరెవరూ సంస్కరణ పొందడానికి రాయలేదు. నిర్బంధంలో తమ ఆలోచన ఆగిపోకుండా ఉండడానికి, బయటి లోకంతో మాట్లాడడానికి రాశారు. రెండవది, వీరందరూ చదువుకున్న రాజకీయ ఖైదీలు. జైలుకు రాకముందే వారికి భాష, పాఠకులు, ప్రచురణ మార్గాలు ఉన్నాయి. అదే జైలులో పక్క బ్యారక్‌లో దొంగతనం కేసులోనో, తగాదా కేసులోనో వచ్చి ఉన్న మనిషి తెలుగు సాహిత్యంలోకి ప్రధానంగా పాత్రగా వచ్చాడు తప్ప రచయితగా రాలేదు. ఆళ్వారుస్వామి కథల గొప్పదనం ఆ మనిషిని చూడగలగడంలో ఉంది. అయినా చూసినవాడు ఆళ్వారుస్వామి, చూడబడినవాడు ఖైదీ.

కారాగార కళా కార్యక్రమానికి బలమైన సమర్థన ఇక్కడే లభిస్తుంది. అది చేయవలసిన పని జైలులోకి కళను తీసుకురావడం కంటే, అంతవరకు పాత్రగా మాత్రమే ఉన్న మనిషికి కర్తృత్వం కల్పించడం. ఈ పనికి ఆ మనిషి దోషా, నిర్దోషా అన్న ప్రశ్నతో సంబంధం లేదు.

3. శాన్ క్వెంటిన్ అనుభవం

సంస్థాగతమైన కారాగార కళ చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే సంఘటన 1957 నవంబరు 19న కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో జరిగింది. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన యాక్టర్స్ వర్క్‌షాప్ బృందం హెర్బర్ట్ బ్లా దర్శకత్వంలో శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’ను సుమారు 1,400 మంది ఖైదీల ముందు ప్రదర్శించింది. 1913లో సారా బెర్న్‌హార్ట్ వచ్చి నటించిన తరువాత ఆ జైలులో నాటక ప్రదర్శన జరగడం అదే మొదలు. ఈ నాటకాన్ని ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం అందులో స్త్రీపాత్రలు లేకపోవడం. నగరాలలోని విద్యావంతులైన ప్రేక్షకులను తికమకపెట్టిన నాటకం ఖైదీలకు సులువుగా అర్థమైంది. రాని మనిషి కోసం, తెలియని గడువు వరకు, చేసేదేమీ లేక ఎదురుచూడడం వారికి వివరించి చెప్పవలసిన విషయం కాదు. మార్టిన్ ఎస్లిన్ అసంబద్ధ నాటకరంగంపై 1961లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథాన్ని ఈ ప్రదర్శనతోనే ప్రారంభించాడు.

యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న రిక్ క్లూచీ అనే ఖైదీకి ఆ రాత్రి ప్రదర్శన చూసే అనుమతి లభించలేదు. తన గదిలో ఉండి ధ్వనివర్ధకం ద్వారా విన్నాడు. ఆ తరువాత సహఖైదీలతో కలిసి శాన్ క్వెంటిన్ డ్రామా వర్క్‌షాప్‌ను నెలకొల్పాడు. 1966లో విడుదలై, నాటకరచయితగా, నటుడిగా జీవించాడు. 1970లలో బెకెట్ స్వయంగా అతనితో కలిసి పనిచేశాడు.

క్లూచీ జీవితాన్ని సంస్కరణ కథగా చెప్పడం తేలిక. కాని అతన్ని కదిలించిన నాటకంలో పశ్చాత్తాపం లేదు, నీతిబోధ లేదు, మారిన నేరస్థుడు లేడు. ఉన్నదల్లా నిరీక్షణ. ఖైదీని మంచివాడిగా మార్చాలన్న ఉద్దేశం ఏమాత్రం లేని కళాఖండం ఖైదీలను అంతగా ఆకట్టుకుందన్న విషయాన్ని కార్యక్రమ నిర్వాహకులు గుర్తుంచుకోవాలి. మన సందర్భంలో దీనికి మరొక ప్రాధాన్యం ఉంది. శిక్షపడిన ఖైదీకి తన గడువు ఎంతో కొంత తెలుసు. వాయిదా తరువాత వాయిదా కోసం ఎదురుచూసే విచారణ ఖైదీకి అది తెలియదు. నిరీక్షణ అతని పూర్తికాలపు స్థితి.

4. కొలమానంతో వచ్చే చిక్కు

కాలిఫోర్నియాలో 1977లో వాకవిల్ జైలులో మొదలైన కళా పథకం 1980లో రాష్ట్రవ్యాప్తమై ‘ఆర్ట్స్-ఇన్-కరెక్షన్స్’గా స్థిరపడింది. 1987లో ఆ రాష్ట్ర దిద్దుబాటు శాఖ వెలువరించిన పరిశీలన ప్రకారం, విడుదలైన రెండేళ్ల తరువాత పెరోల్ దృష్ట్యా సానుకూల స్థితిలో కొనసాగుతున్నవారు కళా కార్యక్రమంలో పాల్గొన్నవారిలో 69.2 శాతం, మొత్తం పెరోల్‌దారులలో 42 శాతం.

ఈ అంకెలు ఆకర్షణీయమైనవి. నిధులు కోరేటప్పుడు ఇవి ఉపయోగపడ్డాయి కూడా. అయితే పరిశోధకులు ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. కళా తరగతిలో చేరేవారు స్వచ్ఛందంగా చేరతారు. క్రమశిక్షణ ఉల్లంఘనలు లేనివారికి, చదువు పట్ల ఆసక్తి ఉన్నవారికి, బయట కుటుంబ ఆదరణ ఉన్నవారికి ఆ అవకాశం ఎక్కువగా దక్కుతుంది. కళ వలన వారు నిలదొక్కుకున్నారా, నిలదొక్కుకోగలవారే కళ వైపు వచ్చారా అన్నది ఈ రకమైన పోలిక తేల్చలేదు. వాదనకు ఆధారంగా ఈ ఒక్క అంకెనే నిలిపితే, రేపు మరొక పరిశీలనలో అంకె తగ్గినప్పుడు కార్యక్రమాన్ని రద్దు చేయడానికి కూడా అదే ఆధారమవుతుంది. నిజానికి కాలిఫోర్నియా పథకానికే 2010 నాటికి ప్రభుత్వ నిధులు నిలిచిపోయాయి. కొన్నేళ్ల తరువాత గాని వాటిని పునరుద్ధరించలేదు.

విచారణ ఖైదీ విషయంలో ఈ కొలమానం మరింత మౌలికంగా విఫలమవుతుంది. మొదటి నేరమే రుజువుకాని వ్యక్తి ‘తిరిగి’ నేరం చేశాడా లేదా అని కొలవడం తర్కానికి నిలవదు. కొలవలేని ప్రయోజనానికి నిధులు రావు. నిధులు లేనిచోట కార్యక్రమం ఉండదు. ఆ విధంగా కొలమానమే నాలుగింట మూడు వంతుల మందిని పక్కకు నెడుతుంది.

5. రెండు భారతీయ ప్రయోగాలు

భారతదేశంలో విశేష ప్రచారం పొందిన ప్రయోగం కోల్‌కతాలోని ప్రెసిడెన్సీ జైలులో జరిగింది. నృత్యకళాకారిణి అలోకానంద రాయ్ 2007 నుండి అక్కడి ఖైదీలకు నృత్యం నేర్పి, రవీంద్రనాథ ఠాకూర్ 1881 నాటి గేయనాటిక ‘వాల్మీకి ప్రతిభ’ను వారి చేత ప్రదర్శింపజేశారు. ఖైదీలు జైలు గోడలు దాటి బయటి రంగస్థలాలపై ప్రదర్శనలిచ్చారు. ఈ అనుభవం నేపథ్యంగా 2012లో ‘ముక్తధార’ అనే బెంగాలీ చలనచిత్రం కూడా వచ్చింది. జైలు ప్రదర్శనలో వాల్మీకిగా నటించిన వ్యక్తే విడుదలయ్యాక అందులో ప్రధాన పాత్ర పోషించాడు.

కర్ణాటకలో మైసూరు రంగాయణ నటుడు హులుగప్ప కట్టీమని జైలు ఖైదీలతో దీర్ఘకాలం నాటకాలు వేయించారు. వాటిలో షేక్‌స్పియర్ ‘మాక్బెత్’కు హెచ్.ఎస్. శివప్రకాశ్ చేసిన కన్నడ అనుసృజన ‘మారనాయకన దృష్టాంత’ ఒకటి.

ఈ రెండు ఎంపికలను పోల్చి చూడవచ్చు. వాల్మీకి కథలో దొంగ కవి అవుతాడు. ఖైదీ ఆ పాత్ర ధరించినప్పుడు ప్రేక్షకుడు పాత్రనూ నటుడినీ ఒకటిగా చూస్తాడు. ఆ చప్పట్లలో నటనకు ఎంత, మారిన నేరస్థుడికి ఎంత అన్నది విడదీయడం కష్టం. మాక్బెత్ కథలో హంతకుడికి నిష్కృతి లేదు. అతని మనస్సు ఎలా నలిగిపోయిందో నాటకం చూపుతుంది, క్షమించదు. మొదటిది ప్రేక్షకునికి ఊరట కలిగిస్తుంది; రెండవది నటునికి ఆలోచించే చోటు ఇస్తుంది. రెండింటికీ విలువ ఉంది. కాని రెండూ ప్రధానంగా శిక్షపడిన ఖైదీలకు అనువైన నమూనాలు. నెలల తరబడి సాగే అభ్యాసం, స్థిరమైన బృందం, పోలీసు కాపలాతో బయటి ప్రయాణం వీటికి అవసరం.

6. విచారణ ఖైదీకి ఎదురయ్యే మూడు అడ్డంకులు

మొదటిది కాలం. విచారణ ఖైదీ ఎప్పుడు వెళ్లిపోతాడో ఎవరికీ తెలియదు. బెయిలు వస్తే రేపే వెళ్లవచ్చు. జామీను ఇచ్చేవారు లేక ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. వాయిదా రోజున న్యాయస్థానానికి వెళ్లాలి, ములాఖత్ రోజున కుటుంబం కోసం ఎదురుచూడాలి. మూడు నెలల నాటకాభ్యాసంలో అతనికి పాత్ర ఇవ్వడానికి దర్శకుడు జంకుతాడు.

రెండవది అధికార పరిధి. శిక్షపడిన ఖైదీ జైలు శాఖ ఆధీనంలో ఉంటాడు. విచారణ ఖైదీ న్యాయస్థానం ఆదేశంపై జుడిషియల్ కస్టడీలో ఉంటాడు. అతన్ని బయటి వేదికకు తీసుకువెళ్లే బాధ్యతను జైలు సూపరింటెండెంటు తనంతట తాను తలకెత్తుకోలేడు.

మూడవది అన్నిటికంటే తీవ్రమైనది, చర్చలో తక్కువగా కనిపించేది. అనేక రచనా శిబిరాలు ‘నీ కథ నువ్వు రాయి’ అన్న అభ్యాసంతో మొదలవుతాయి. శిక్షపడిన వ్యక్తికి అది ఆత్మపరిశీలన. విచారణలో ఉన్న వ్యక్తికి అది ప్రమాదం. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా స్వీకరించకూడదని మన సాక్ష్య చట్టం చెబుతుంది. నాటక శిక్షకుని ముందో, నోటుపుస్తకంలోనో స్వచ్ఛందంగా వెల్లడించిన మాటలకు ఆ రక్షణ అదే రీతిలో వర్తించదు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పాలని నిందితుడిని బలవంతపెట్టరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణం బలవంతం నుండి కాపాడుతుంది. సదుద్దేశంతో నడిచే తరగతిలో మనసు విప్పిన మనిషిని కాపాడుతుందన్న హామీ లేదు. ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలో నిందితుల ర్యాప్ పాటలను న్యాయస్థానాలలో వారిపై సాక్ష్యంగా ప్రవేశపెట్టడం వివాదాస్పదమై, కాలిఫోర్నియా రాష్ట్రం సృజనాత్మక వ్యక్తీకరణను సాక్ష్యంగా వాడడానికి పరిమితులు విధిస్తూ 2022లో చట్టం చేయవలసి వచ్చింది.

7. హక్కు అనే ప్రాతిపదిక

సంస్కరణను పక్కన పెడితే ఈ కార్యక్రమాలకు మిగిలే ఆధారం ఏమిటన్న ప్రశ్నకు భారత న్యాయచరిత్రలో స్పష్టమైన సమాధానం ఉంది. 1960లలో భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి జైలులో ఉండి మరాఠీలో ఒక విజ్ఞానశాస్త్ర గ్రంథం రాశారు. పరమాణువు అంతరంగం దాని విషయం. రాతప్రతిని ప్రచురణకు బయటికి పంపడానికి ప్రభుత్వం అనుమతించలేదు. 1965లో సర్వోన్నత న్యాయస్థానం ప్రభుత్వ వాదనను తిరస్కరించింది. నిర్బంధ షరతులలో లేని ఆంక్షను అధికారులు అదనంగా విధించలేరన్నది ఆ తీర్పు సారాంశం.

విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని ఖైదీలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో (1974) పిటిషనర్లు కోరిన ఉపశమనం లభించకపోయినా, శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని న్యాయస్థానం ప్రకటించింది. ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో (1981) న్యాయమూర్తి పి.ఎన్. భగవతి మరింత ముందుకు వెళ్లారు. 21వ అధికరణం చెప్పే జీవించే హక్కు కేవలం ప్రాణంతో ఉండడం కాదనీ, చదవడానికి, రాయడానికి, వివిధ రూపాలలో తనను తాను వ్యక్తపరచుకోవడానికి వీలు కల్పించడం అందులో భాగమనీ వివరించారు. ఆ మాటలు నిర్బంధంలో ఉన్న, ఏ నేరమూ రుజువుకాని ఒక వ్యక్తి కేసులో వెలువడడం గమనార్హం.

2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 105వది అన్ని జైళ్లలో సాంస్కృతిక, వినోద కార్యక్రమాలు ఉండాలంటుంది. దానికి చెప్పిన ప్రయోజనం ఖైదీల మానసిక, శారీరక ఆరోగ్యం. 117వ నియమం విచారణలో ఉన్నవారు తమ ఖర్చుతో లేదా ఇతరుల ఖర్చుతో పుస్తకాలు, రాతసామగ్రి తెప్పించుకోవచ్చునంటుంది. ఖర్చు పెట్టేవారు లేని పేద ఖైదీకి ఈ రెండవ నియమం కాగితంపైనే మిగిలిపోతుంది. ఆ లోటును పూరించడం కార్యక్రమం చేయవలసిన మొదటి పని.

8. కార్యక్రమ స్వరూపానికి కొన్ని సూచనలు

పై చర్చ ఆధారంగా విచారణ ఖైదీలు ఎక్కువగా ఉండే జైళ్లకు తగిన కార్యక్రమానికి నాలుగు సూత్రాలు ప్రతిపాదించవచ్చు.

ఒకటి: ప్రతి సమావేశం తనంతట తాను పూర్తి కావాలి. నిన్న రానివారు ఈరోజు చేరగలగాలి, రేపు వెళ్లిపోయేవారు ఈరోజు ఏదో ఒకటి ముగించగలగాలి. ఆగ్రా జిల్లా జైలులో 2019లో, హర్యానాలోని జైళ్లలో 2021 నుండి మొదలైన జైలు రేడియోలు ఈ దృష్టితో అధ్యయనం చేయదగినవి. ఒక పాట, ఒక ముచ్చట, ఒక చదివింపు అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. మాట్లాడేవారు మారినా రేడియో సాగుతుంది. తెలుగు ప్రాంతాలలో భజన, కోలాటం, ఒకరు చెబుతుంటే మరొకరు వంతపాడే కథాగాన సంప్రదాయాలు ఇందుకు సహజంగా సరిపోతాయి. వాటికి అక్షరాస్యత కూడా అవసరం లేదు.

రెండు: ఆత్మకథ కంటే కల్పనకు ప్రాధాన్యం ఇవ్వాలి. శిక్షకులు కేసు వివరాలు అడగకూడదు, అటువైపు మళ్లే అభ్యాసాలు పెట్టకూడదు. పాత్ర అనే తెర విచారణ ఖైదీకి కళాత్మక సౌకర్యం మాత్రమే కాదు, చట్టపరమైన రక్షణ కూడా. కల్పనను సైతం సాక్ష్యంగా చదివే ప్రమాదం ఉన్నందున రాతప్రతులు ఎవరి వద్ద ఉంటాయో, ఎవరు చదువుతారో ముందుగానే ఖైదీకి చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాది ఒకసారి వచ్చి ఈ విషయం వివరించడం మంచిది.

మూడు: సృష్టించినవారికే హక్కు, పేరు పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం కూడా వారిదే. 1937లో స్పెయిన్‌లోని సెవిల్ జైలులో మరణభయంతో గడిపిన రచయిత ఆర్థర్ కోస్లర్ చొరవతో 1962లో బ్రిటన్‌లో మొదలైన పురస్కారాలు, ప్రదర్శనలు ఖైదీల కళాకృతులను కళాకృతులుగానే ప్రజల ముందుంచాయి. తీర్పు రాని వ్యక్తి పేరును, ముఖాన్ని ‘మారిన ఖైదీ’గా ప్రచారంలో పెట్టడం అతని కేసుకు, విడుదల తరువాతి జీవితానికి నష్టం చేయగలదు.

నాలుగు: మూల్యాంకనం మారాలి. విడుదల తరువాత ఏం జరిగిందన్నది కాక, నిర్బంధకాలంలో ఏం జరిగిందన్నది చూడాలి. ఎంతమందికి రాతసామగ్రి అందింది, మొదటిసారి పాల్గొన్నవారు ఎందరు, మహిళా ఖైదీలకు సమాన అవకాశం దక్కిందా, ఎన్ని రచనలు ఆంక్షల వలన ఆగిపోయాయి అన్నవి లెక్కించదగిన ప్రశ్నలే. కారాగారాలు రాష్ట్రాల జాబితాలోని అంశం కనుక రాష్ట్రాల వారీ తులనాత్మక పరిశీలనకు ఇక్కడ విస్తృతమైన అవకాశం ఉంది.

9. ముగింపు

కారాగార కళ గురించిన చర్చ ఇంతవరకు ఎక్కువగా ‘కళ నేరస్థుని మారుస్తుందా?’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. మన జైళ్ల వాస్తవం ఆ ప్రశ్నను అసంపూర్ణం చేస్తున్నది. కళ కొందరిని మార్చవచ్చు. ఆ మార్పు స్వాగతించదగినదే. కాని మారవలసిన అవసరం ఉందో లేదో ఇంకా ఎవరూ తేల్చని లక్షలాది మనుషులకు పాట, కథ, బొమ్మ, నాటకం అందకుండా పోవడానికి ఆ ప్రశ్న కారణం కాకూడదు. నిజామాబాదు జైలు గోడపై బొగ్గుతో రాసిన పద్యానికి ఎవరూ సంస్కరణ ఫలితాన్ని లెక్కగట్టలేదు. అక్కడ ఒక కవి తన మాటను నిలుపుకున్నాడు. అదే గోడ పక్కన పేరు తెలియని విచారణ ఖైదీకి కూడా తన మాటను నిలుపుకొనే వీలు కల్పించడం సంస్కరణ కంటే ముందు చేయవలసిన పని. తెలుగు జైలు సాహిత్యాన్ని అధ్యయనం చేస్తున్న పరిశోధకులు పుస్తకాలుగా వచ్చిన రచనలతో పాటు, పుస్తకం కాలేకపోయిన ఈ మాటల వైపు కూడా దృష్టి సారించవలసి ఉంది.